థార్, జిమ్నీలకు లిఫ్ట్, పెద్ద టైర్లు: ఏది ముందు, ఎంతవరకు

ఫోర్ వీల్ డ్రైవ్ బండి కొన్నవారికి కొద్ది నెలల్లోనే ఎదురయ్యే ప్రశ్న రెండంగుళాల లిఫ్ట్ కిట్ (స్ప్రింగులు మార్చి గాని, దిమ్మలు పెట్టి గాని బండి ఎత్తు పెంచే సామగ్రి) వేయించాలా, పెద్ద టైర్లు వేయించాలా, లేక రెండూ ఒకేసారి చేయించాలా అన్నది. దుకాణాల్లో ఈ రెండింటినీ జతగా అమ్ముతారు కాబట్టి, రెండూ ఒకే పనికి వచ్చే వస్తువులన్న అభిప్రాయం స్థిరపడింది. అవి పెంచే ఎత్తులు వేరు, వాటి వల్ల వచ్చే చిక్కులు వేరు, ఒకటి చేయగలిగిన పనిని రెండోది చేయలేదు. మన దగ్గర ఎక్కువగా కనిపించే మహీంద్రా థార్, మారుతి జిమ్నీలను ఉదాహరణలుగా తీసుకుని ఈ ఎంపికను ఏ క్రమంలో ఆలోచించాలో ఇక్కడ వివరిస్తాను.

2020లో వచ్చిన మూడు తలుపుల థార్‌లో వెనక వైపు సాలిడ్ యాక్సిల్, అంటే రెండు చక్రాలనూ కలిపే ఒకే ఇరుసు, ఉంటుంది. రాళ్ల దారిలో తరచుగా నేలకు తగిలేది ఆ యాక్సిల్ మీద ఉబ్బెత్తుగా ఉండే డిఫరెన్షియల్ హౌసింగ్, అంటే రెండు చక్రాలకూ శక్తిని పంచే గేర్ల పెట్టె. లిఫ్ట్ స్ప్రింగులు యాక్సిల్‌కూ ఛాసిస్‌కూ (బండి చట్రానికీ) మధ్య ఉన్న దూరాన్ని పెంచుతాయే గాని, హౌసింగ్‌కూ నేలకూ మధ్య ఉన్న దూరాన్ని ఒక్క మిల్లీమీటరు కూడా పెంచవు. దాన్ని పెంచగలిగేది టైరు మాత్రమే, అదీ టైరు వ్యాసం పెరిగినదాంట్లో సగం మేరకే. జిమ్నీకి ముందూ వెనకా రెండు వైపులా సాలిడ్ యాక్సిళ్లే కాబట్టి అక్కడ ఈ సూత్రం రెండు చోట్లా వర్తిస్తుంది. మరి లిఫ్ట్ వల్ల ప్రయోజనం లేదా అంటే ఉంది. బండి పొట్ట, తలుపుల కింది అంచులు, ముందు వెనక బంపర్లు పైకి లేస్తాయి. థార్ వీల్‌బేస్ (ముందు వెనక చక్రాల మధ్య దూరం) 2450 మిల్లీమీటర్లు కాబట్టి, పొట్టను 50 మిల్లీమీటర్లు లేపితే గట్టు మీద కడుపు ఆనకుండా దాటే కోణం సుమారు నాలుగున్నర డిగ్రీలు పెరుగుతుందని లెక్క కట్టవచ్చు. అయితే థార్‌కు కంపెనీ ఇచ్చిన గ్రౌండ్ క్లియరెన్స్ 226 మిల్లీమీటర్లు, ముందు వైపు ఎక్కే కోణం 41 డిగ్రీల పైచిలుకు. మన ప్రాంతంలో మామూలుగా తిరిగే మట్టి బాటల్లో ఈ కోణాలు చాలక ఆగిపోయే సందర్భాలు అరుదు. బండి ఆగిపోయేది ఎక్కువగా టైరుకు పట్టు దొరకకనే.

అందుకే ముందు ఏ నేల మీద తిరుగుతామో తేల్చుకుని, దానికి తగిన టైరు రకాన్ని, ఆ తర్వాత సైజును నిర్ణయించుకోవాలి. ఆ సైజు చక్రం పూర్తిగా తిరిగినప్పుడు, పూర్తిగా పైకి నొక్కుకున్నప్పుడు ఎక్కడైనా రాసుకుంటే, ఆ అడ్డు తీరేటంత లిఫ్ట్ మాత్రమే వేయించాలి. ముందు లిఫ్ట్ వేయించి, బోసిగా కనిపిస్తున్న చక్రాల గూళ్లను నింపడానికి టైర్లు వెతకడం తలకిందుల వ్యవహారం. చాలామంది చేసేది మాత్రం అదే.

టైరు సైజు లెక్క

టైరు మీద 255/65 ఆర్18 అని ఉంటే, 255 అనేది మిల్లీమీటర్లలో వెడల్పు, 65 అనేది ఆ వెడల్పులో పక్కగోడ ఎత్తు ఎంత శాతమో చెప్పే అంకె, 18 అనేది రిమ్ వ్యాసం అంగుళాల్లో. ఈ లెక్కన థార్ ఎల్‌ఎక్స్ రకానికి వచ్చిన ఈ టైరు మొత్తం వ్యాసం సుమారు 789 మిల్లీమీటర్లు, అంటే దాదాపు 31 అంగుళాలు. ఏఎక్స్ రకానికి వచ్చిన 245/75 ఆర్16 టైరు వ్యాసం సుమారు 774 మిల్లీమీటర్లు, ముప్పై అంగుళాలన్నర. చూడటానికి 18 అంగుళాల రిమ్ ఉన్న బండి ఘనంగా ఉన్నా, రెండింటి మధ్య తేడా 15 మిల్లీమీటర్లే, యాక్సిల్ కింద ఏడున్నర మాత్రమే. పైగా 16 అంగుళాల రిమ్ మీద పక్కగోడ ఎత్తు ఎక్కువ కాబట్టి, గాలి తగ్గించి నడిపేటప్పుడు అదే మెరుగ్గా పనిచేస్తుంది. బండిని నిజంగా రాళ్లలో, ఇసుకలో నడపదలచినవారు రిమ్ పెంచడం గురించి కాక తగ్గించడం గురించి ఆలోచించాలి. అయితే చిన్న రిమ్ లోపల బ్రేక్ క్యాలిపర్‌కు చోటు సరిపోతుందో లేదో కొనకముందే బిగించి చూసుకోవాలి.

255/65 ఆర్18 నుంచి 265/70 ఆర్18కు వెళితే వ్యాసం 828 మిల్లీమీటర్లవుతుంది. దాదాపు 40 మిల్లీమీటర్ల పెరుగుదల, అంటే హౌసింగ్ కింద 20 మిల్లీమీటర్లు దక్కుతాయి. ఇందుకు చెల్లించవలసిన మూల్యం ఐదు శాతం గేరింగ్. చక్రం ఒక్క చుట్టుకు ఎక్కువ దూరం పోతుంది కనుక, ప్రతి గేరూ ఐదు శాతం పొడవైనట్టే. థార్‌లోని 2.2 లీటర్ల డీజిల్ ఇంజను దీన్ని పెద్దగా లెక్కచేయదు. జిమ్నీ సంగతి అలా కాదు. దాని ఒకటిన్నర లీటర్ పెట్రోల్ ఇంజను ఇచ్చే టార్క్ 134 న్యూటన్ మీటర్లే. అసలు సైజు 195/80 ఆర్15 నుంచి 235/75 ఆర్15కు మారితే వ్యాసం 693 నుంచి 733 మిల్లీమీటర్లకు, అంటే దాదాపు ఆరు శాతం పెరుగుతుంది. ఘాట్‌లో మూడో గేరులో సాఫీగా ఎక్కిన చోట రెండో గేరు అడుగుతుంది. నాలుగు గేర్ల ఆటోమేటిక్ బండిలో ఈ లోటు మరింత తెలుస్తుంది. జిమ్నీకి 215/75 ఆర్15 వరకు వెళ్లడం నా దృష్టిలో సమంజసం, ఎందుకంటే వ్యాసం పదిన్నర మిల్లీమీటర్లే పెరుగుతుంది గనుక గేరింగ్ మీద ప్రభావం దాదాపు ఉండదు, లిఫ్ట్ అవసరమూ రాదు, అయినా కాస్త వెడల్పైన, గట్టి పక్కగోడలున్న ఆల్ టెర్రెయిన్ (రోడ్డుకూ మట్టి బాటకూ పనికొచ్చే) రకాలకు దారి తెరుచుకుంటుంది.

మైలేజీ గురించి ఒక మాట. పెద్ద టైరు వేసిన తర్వాత ఓడోమీటర్ అసలు దూరం కంటే తక్కువ చూపిస్తుంది. నిజంగా 105 కిలోమీటర్లు తిరిగితే 100 అనే నమోదవుతుంది. ఆ అంకెతోనే మైలేజీ కట్టి పడిపోయిందని బాధపడేవారు ముందు ఆ ఐదు శాతాన్ని కలుపుకుని చూడాలి. బరువు వల్ల, ముతక నమూనా వల్ల వచ్చే అసలు నష్టం ఎంతో అప్పుడు తేలుతుంది. స్పీడోమీటర్ విషయంలోనూ అంతే. చాలా బండ్లలో అది కాస్త ఎక్కువ చూపేలా అమర్చి ఉంటుంది కాబట్టి ఆ పొరపాటు కొంత సర్దుకుంటుంది, అయినా జీపీఎస్‌తో ఒకసారి సరిచూసుకోవడం మంచిది.

బరువు సంగతి తేలికగా తీసుకోకూడదు. దృఢమైన ఎల్‌టీ (లైట్ ట్రక్) రకం టైర్లు మామూలు వాటి కంటే ఒక్కొక్కటి కొన్ని కిలోలు ఎక్కువ తూగుతాయి, ఆ బరువంతా స్ప్రింగుల కింద, చక్రం అంచున ఉంటుంది. దాన్ని కదిలించడానికి ఇంజనూ, ఆపడానికి బ్రేకులూ, గుంతల్లో అదుపు చేయడానికి షాక్ అబ్జార్బర్లూ అదనంగా శ్రమిస్తాయి. స్టెప్నీ కూడా వెనక తలుపుకు వేలాడే బండ్లివి కనుక, ఆ తలుపు కీళ్ల మీద భారం పెరుగుతుంది. స్టెప్నీని పాత సైజులోనే వదిలేస్తే ఖర్చు మిగులుతుందన్న ఆలోచన పార్ట్‌టైమ్ ఫోర్ వీల్ డ్రైవ్ బండ్లలో ప్రమాదకరం. ఫోర్ వీల్ డ్రైవ్ వేసి, యాక్సిళ్లకు శక్తిని చేర్చే ముందు వెనక ప్రొపెల్లర్ షాఫ్ట్‌లు కలిసి తిరిగేటప్పుడు ఒక చక్రం వ్యాసం వేరుగా ఉంటే ఆ ఒత్తిడి గేర్ల మీద పడుతుంది. ఐదు టైర్లకు సరిపోయే డబ్బు లేకపోతే, ఐదు టైర్లకు డబ్బు సరిపోయే సైజునే ఎంచుకోవాలి.

ఏ నేలకు ఏ నమూనా

ఆల్ టెర్రెయిన్, మడ్ టెర్రెయిన్ (బురద కోసం చేసిన) రకాల మధ్య ఎంపిక లిఫ్ట్ కంటే ఎక్కువ తేడా చూపిస్తుంది. తెలంగాణ, ఆంధ్ర ప్రాంతాల్లో నేల ఒక్క తీరున ఉండదు. వర్షాకాలపు నల్లరేగడిలో ఆల్ టెర్రెయిన్ టైరు గాడులు కొద్ది చుట్లలోనే మట్టితో పూడిపోయి, టైరు నున్నటి గుండ్రాయిలా తిరుగుతుంది. మడ్ టెర్రెయిన్ టైరు గాడులు లోతుగా, దూరదూరంగా ఉంటాయి కాబట్టి, చక్రం కాస్త వేగంగా తిరిగితే ఆ మట్టిని విసిరేసుకుంటుంది. పొలాలకు, చేపల చెరువులకు రోజూ అలాంటి బాటల్లో వెళ్లక తప్పనివారికి ఆ రకం నిజంగా అవసరం. ఎర్ర నేలలు, గులక బాటలు, మారేడుమిల్లి, అరకు వైపు కొండ దారులు ప్రధానంగా ఉన్నవారికి ఆల్ టెర్రెయిన్ చాలు. అక్కడ చూసుకోవలసింది పక్కగోడ బలం. వాగుల్లోని పదునైన రాళ్లు టైరును కోసేది పక్కగోడ దగ్గరే, ఆ కోతకు పంక్చర్ అతుకు పనికిరాదు.

ఇసుకలో లెక్క మారిపోతుంది. మడ్ టెర్రెయిన్ టైరు పెద్ద దిమ్మలు ఇసుకను తవ్వుకుంటూ కిందికి దిగిపోతాయి. మెత్తగా, వెడల్పుగా పరుచుకునే టైరే ఇసుక మీద తేలుతుంది. తీరం వెంబడి బండి నడపడం గురించి చెబుతున్నాను గనుక, మన తూర్పు తీరంలో ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టే చోట్లున్నాయని, ఆ ఇసుక మీదికి బండి తీసుకెళ్లడం తగదని కూడా చెప్పాలి.

మడ్ టెర్రెయిన్ టైర్లకు ఉన్న అసలు లోపం చప్పుడు కాదు. తడిసిన తారు రోడ్డు మీద నేలను తాకే రబ్బరు తక్కువ కావడం వల్ల బ్రేకు వేసినప్పుడు ఆగే దూరం పెరుగుతుంది. వారంలో ఐదు రోజులు హైదరాబాద్ ఔటర్ రింగు రోడ్డు మీద ఆఫీసుకు వెళ్లే బండికి, నెలకొకసారి వెళ్లే బురద దారి కోసం ఆ టైర్లు వేయడం నేను సమర్థించలేను.

ఏ టైరైనా సరే, గాలి తగ్గించడం తెలియకపోతే దాని సత్తా సగమే బయటపడుతుంది. రోడ్డు మీద 30 పీఎస్‌ఐ పైన ఉండే గాలిని రాళ్లలో, బురదలో 20 దాకా, ఇసుకలో 16 నుంచి 18 దాకా తగ్గిస్తే, టైరు నేలను తాకే మేర పొడవుగా సాగుతుంది. అంతకంటే తగ్గిస్తే మలుపులో టైరు రిమ్ నుంచి ఊడే ప్రమాదముంది. తారు రోడ్డు ఎక్కగానే మళ్లీ నింపుకోవాలి కాబట్టి, నమ్మకమైన కంప్రెసర్, గేజీ బండిలో ఉండాలి. లిఫ్ట్ కిట్ ధరలో చిన్న వంతుకే వచ్చే ఈ రెండు వస్తువులు కొనకుండా, కంపెనీ టైర్లతో బండి ముందుకు పోవడం లేదని తీర్పు చెప్పడం తొందరపాటు.

లిఫ్ట్ రకాలు

పైన చెప్పినదంతా చూసుకున్నాక కూడా ఎంచుకున్న టైరు రాసుకుంటుందనో, వించ్ (చిక్కుకున్న బండిని తాడుతో లాగే యంత్రం), ఇనుప బంపర్, రూఫ్ టెంట్ బరువుకు బండి కుంగిందనో తేలితే అప్పుడు లిఫ్ట్ మాట వస్తుంది. అన్నిటికంటే చవకైనది స్పేసర్, అంటే ఎత్తు కోసం పెట్టే దిమ్మ. థార్ ముందు వైపు డబుల్ విష్‌బోన్ అమరికలో (ఒక్కో చక్రాన్ని పైన ఒకటి, కింద ఒకటి చొప్పున రెండు ఆర్మ్‌లు విడిగా పట్టి ఉంచుతాయి) స్ప్రింగు, షాక్ ఒకే స్తంభంగా ఉంటాయి. ఆ స్తంభం పైన దిమ్మ పెడితే చక్రం కదిలే మొత్తం పరిధి మారదు, ఆ పరిధి అంతా కిందికి జరుగుతుంది. స్తంభం కింది చివర విష్‌బోన్‌కు మధ్య భాగంలో బిగించి ఉంటుంది కాబట్టి, పెట్టిన దిమ్మ మందం కంటే చక్రం దగ్గర వచ్చే లిఫ్ట్ ఎక్కువగా ఉంటుంది. ఈ సంగతి తెలియక రెండంగుళాల లిఫ్ట్ కోసం రెండంగుళాల దిమ్మ పెట్టించుకునేవారున్నారు. చక్రం పూర్తిగా వేలాడినప్పుడు డ్రైవ్ షాఫ్ట్ జాయింట్, బాల్ జాయింట్ తట్టుకోగల కోణాన్ని దాటిపోతాయి. రబ్బరు బూటు చిరగడం, గ్రీజు కారడం, మలుపులో టకటకమనే చప్పుడు దీని లక్షణాలు. స్ప్రింగుకూ దాని గిన్నెకూ మధ్య స్పేసర్ పెట్టే పద్ధతిలో జాయింట్ల పరిధి మారదు గాని, చక్రం కిందికి దిగే మేర తగ్గిపోయి, చిన్న గుంతలో కూడా షాక్ పూర్తిగా సాగి దడదడలాడుతుంది.

పొడవైన స్ప్రింగులు, వాటికి సరిపోయేలా తయారైన షాక్ అబ్జార్బర్లు కలిపి వేయించడమే సరైన పద్ధతి. స్ప్రింగు ఎంత గట్టిగా ఉండాలన్నది బండి మీద ఎప్పుడూ ఉండే బరువును బట్టి నిర్ణయించాలి. ఇనుప బంపర్, వించ్ ఉన్న బండి కోసం చేసిన స్ప్రింగును ఖాళీ బండికి వేస్తే, కంపెనీ స్ప్రింగుతో ఉన్నప్పటి కంటే ప్రయాణం మోటుగా మారడమే కాక, ఎగుడుదిగుడు నేల మీద చక్రం సాగకుండా గాల్లో ఆగిపోతుంది. అమ్మేవారు ఎంత ఎత్తు అని అడుగుతారు. ఎంత బరువు అని అడిగేవారి దగ్గర కొనడం మేలు.

థార్ ముందు వైపు నా హద్దు నలభై, యాభై మిల్లీమీటర్లు. అంతకు మించితే డిఫరెన్షియల్‌ను కిందికి దించే బ్రాకెట్లు, వేరే పై విష్‌బోన్లు కావాలి. ఆ దారి పట్టినవారికి ఖర్చు అక్కడితో ఆగదు. జిమ్నీలో సాలిడ్ యాక్సిల్ కనుక లిఫ్ట్ చేయడం సులువే గాని, దానికి వేరే బాధ ఉంది. ముందు యాక్సిల్‌ను పట్టి ఉంచే రెండు పొడవాటి ఆర్మ్‌లు బండి లేచేకొద్దీ యాక్సిల్‌ను తిప్పుతాయి, దాంతో కాస్టర్ కోణం, అంటే చక్రం మలిగే ఇరుసు వెనక్కి వాలి ఉండే కోణం, తగ్గుతుంది. స్టీరింగ్ మలుపు తర్వాత తనంతట తాను సరిగా మధ్యకు రాదు, హైవే మీద బండి తేలిపోతున్నట్టు ఉంటుంది. యాభై మిల్లీమీటర్లకు దగ్గరపడితే కాస్టర్ సరిచేసే బుష్‌లు తప్పనిసరి. యాక్సిల్ పక్కలకు కదలకుండా పట్టి ఉంచే పన్‌హార్డ్ రాడ్, బండి లేచినప్పుడు దాన్ని ఒక పక్కకు లాగుతుంది కాబట్టి, సర్దుబాటు చేయగల రాడ్ కూడా అవసరం కావచ్చు.

2020కి ముందటి థార్ సీఆర్‌డీఈలో ముందు వైపు టార్షన్ బార్లు (మెలిపడుతూ స్ప్రింగులా పనిచేసే కడ్డీలు), వెనక కమాను కట్టలు ఉండేవి. టార్షన్ బార్ బోల్టును బిగిస్తే ముందు భాగం ఉచితంగా లేస్తుంది, అందుకే చాలా షెడ్లలో ఆ పని చేసేస్తారు. లేచిన మేరకు చక్రం కిందికి దిగే జాగా తగ్గిపోతుందన్నది మాత్రం చెప్పరు. అర అంగుళం, ముప్పావు అంగుళం కుంగిన బండిని సరిచేసుకోవడానికి ఆ బోల్టు పనికొస్తుంది, అంతే.

బాడీకీ ఛాసిస్‌కూ మధ్య దిమ్మలు పెట్టే బాడీ లిఫ్ట్ టైరుకు చోటిస్తుంది గాని ఛాసిస్ కింద ఏమీ పెంచదు. స్టీరింగ్ షాఫ్ట్, గేర్ లీవర్లు, డీజిల్ పోసే గొట్టం అన్నీ లాగుడుకు గురవుతాయి. రోజువారీ బండికి దీన్ని సిఫారసు చేయను.

ఎత్తు పెరిగిన ఏ బండికైనా గరిమనాభి లేస్తుంది. అడ్డవాలులో ఒరిగే ప్రమాదం, హైవే మీద హఠాత్తుగా తప్పించుకునేటప్పుడు ఊగడం పెరుగుతాయి, బండి అదుపు తప్పకుండా చూసే, కంపెనీ ఎత్తుకు సరిచేసి ఉంచిన ఈఎస్‌పీ వ్యవస్థ మీద మునుపటంత భరోసా పెట్టుకోలేం. లిఫ్ట్ చేశామన్న ధైర్యంతో లోతైన వాగులో దిగడం మరో పొరపాటు. థార్‌కు కంపెనీ చెప్పిన 650 మిల్లీమీటర్ల హద్దు నిలకడ నీటికి సంబంధించినదనే భావించాలి. ప్రవాహం బండిని పక్కకు నెట్టే బలానికి రెండంగుళాల లిఫ్ట్ సమాధానం కాదు.

చట్టం, బీమా

మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు మొదట నిర్దేశించిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ సెక్షన్‌ను కచ్చితంగా పాటించాలని తీర్పు చెప్పింది. అదే ఏడాది సవరణతో వచ్చిన 182ఎ సెక్షన్ కింద, అనుమతి లేని ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా గాని, ఆరు నెలల వరకు జైలు గాని, రెండూ గాని విధించవచ్చు. రోడ్ల మీద లిఫ్ట్ చేసిన బండ్లు ఎన్నో తిరుగుతున్నాయన్నది నిజమే అయినా, ప్రమాదం జరిగిన రోజున బీమా సర్వేయర్ చూసేది కాగితాల్లో ఉన్న బండినే. బీమా సంస్థకు తెలియజేయని మార్పు ఉంటే క్లెయిము చిక్కుల్లో పడే అవకాశం ఉంది, సస్పెన్షన్‌కు సంబంధించిన వారంటీకీ అదే గతి. అందువల్ల కంపెనీ సైజులోనే మెరుగైన ఆల్ టెర్రెయిన్ టైర్లకు మారడం అన్నిటికంటే నిశ్చింత అయిన దారి. అదే మోడల్‌లో పై రకానికి కంపెనీయే ఇచ్చిన సైజుకు వెళ్లడం దాని తర్వాతిది. అంతకు మించినది ఏం చేసినా, రోడ్డు మీద తిరిగే బండి అయితే ముందు ఆర్టీఓ కార్యాలయంలోనూ బీమా సంస్థలోనూ అడిగి, జవాబు రాతపూర్వకంగా తీసుకోవాలి.

ఎవరికి ఏది

నగరంలో ఉంటూ సెలవుల్లో కొండ దారులకు వెళ్లేవారు కంపెనీ సైజు ఆల్ టెర్రెయిన్ టైర్లు, కంప్రెసర్, తాళ్లు, లాగడానికి పనికొచ్చే గట్టి కొక్కేలు సమకూర్చుకుంటే చాలు, లిఫ్ట్ జోలికి పోనక్కరలేదు. పల్లెలో ఏడాది పొడవునా రేగడి బాటల్లో తిరిగేవారికి కంపెనీ సైజులోనే మడ్ టెర్రెయిన్ టైర్లు మేలు. బరువైన సామగ్రితో లడఖ్ వరకు వెళ్లాలనుకునేవారికి బరువుకు తగిన స్ప్రింగులు, మంచి షాక్‌లు కావాలి. అక్కడ కూడా ఉద్దేశం కుంగిన బండిని కంపెనీ ఎత్తుకు తిరిగి తేవడమే, అంగుళం అటో ఇటో రావచ్చు. ఇక ప్రైవేటు ఆఫ్‌రోడ్ ట్రాకుల్లో, పోటీల్లో దిగేవారికే 32, 33 అంగుళాల టైర్లు, దానికి తగ్గ లిఫ్ట్ అర్థవంతం. అలాంటి బండిని ట్రాకు వరకు మోసుకెళ్లడానికి ట్రెయిలర్ లెక్క కూడా ఖర్చులో వేసుకోవాలి.

పని చేయించేటప్పుడు

టైరు బిగించాక ఒక చక్రాన్ని ర్యాంప్ మీదికి ఎక్కించి, స్టీరింగ్‌ను రెండు వైపులా చివరిదాకా తిప్పి, లోపలి లైనర్‌కు, ఛాసిస్‌కు, బంపర్ మూలకు ఎక్కడైనా తగులుతోందేమో చూడాలి. చదునైన షెడ్డు నేల మీద తగలని టైరు గుంతలో తగులుతుంది. బండిని జాకీ మీద లేపి చక్రాలు పూర్తిగా వేలాడినప్పుడు బ్రేకు గొట్టాలు, ఏబీఎస్ వైర్లు బిగుసుకుపోకుండా ఉన్నాయో లేదో పరిశీలించాలి. ఆర్మ్‌ల బోల్టులను బండి గాల్లో ఉండగా చివరి బిగింపు చేయనివ్వకూడదు. చక్రాల మీద బరువు దిగిన తర్వాత బిగిస్తేనే రబ్బరు బుష్‌లు మెలిపడకుండా ఉంటాయి, లేకపోతే కొద్ది నెలల్లోనే చిరిగిపోతాయి. ఈ ఒక్క సంగతి అడిగితే మెకానిక్ పనితనం తెలిసిపోతుంది. వీల్ అలైన్‌మెంట్ చేయించి, కాస్టర్, క్యాంబర్ (చక్రం లోపలికో బయటికో వాలే కోణం) అంకెలున్న కాగితం చేతిలోకి తీసుకోవాలి. ముందు భాగం లేచినందువల్ల హెడ్‌లైట్లు ఎదుటివారి కళ్లలో పడతాయి కాబట్టి వాటిని దించి సరిచేయించాలి. 500 కిలోమీటర్లు తిరిగాక అన్ని బోల్టులనూ టార్క్ రెంచ్‌తో మళ్లీ చూపించుకోవాలి, తీసేసిన కంపెనీ స్ప్రింగులు, షాక్‌లను మాత్రం అమ్మేయకుండా ఇంట్లో దాచుకోవాలి.